కడిగి పెట్టిన ఎయిర్‌బ్రష్

"నేనే తీశాను మేడమ్. ఇంకేం అడక్కండి."

లాకప్ ఊచల వెనక కూర్చున్న మనిషి పొద్దుటి నుంచి ఈ రెండు ముక్కలతోనే నెట్టుకొస్తున్నాడు. వయసు ముప్ఫై ఎనిమిది. వృత్తి బైకు మెకానిక్కు. వ్యసనం రిమోట్ కార్లు: మూరెడు కారును గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్ళి గోడకు కొట్టడం, తరువాత వారం రోజులు కూర్చుని దాన్ని బాగుచేసుకోవడం. పెళ్ళయినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఇతనికి మాత్రం పెళ్ళి కాలేదు.

"తీశావు, సరే. ఎన్నింటికి?" అంది డిటెక్టివ్.

"పొద్దున్న."

"పొద్దున్నంటే పొద్దు పొడిచాకా, నువ్వు లేచాకా?"

"తొమ్మిదిన్నరకి."

"ఆ గదికి తాళం వేసి ఉంటుందట. తాళంచెవి ఎవరిచ్చారు?"

అతను గోడవైపు తిరిగిపోయాడు. "నేనే తీశాను మేడమ్."

"అన్నని చంపినవాడెవడైనా కాస్త కొత్తగా అబద్ధం చెప్తాడు. నువ్వు ఒకటే అరగదీస్తున్నావు."

టైము రెండూ నలభై. ఐదు గంటలకు ఇతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ గడప దాటాక హత్యానేరం మీద లోపలికి పోయే మనిషి మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండు గంటల ఇరవై నిమిషాలు మిగిలాయి.

కేసు పైకి చాలా సులువుగా ఉంది. పోయినవాడు ఇతని అన్న, దంతవైద్యుడు, యాభై రెండేళ్ళు, ఉబ్బసం రోగి. వాహనాల నమూనాలు తయారుచేయడంలో ఆయనకు పెద్ద పేరు. నిన్న ఆదివారం మధ్యాహ్నం తన పనిగదిలో తలుపులూ కిటికీ మూసుకుని రంగు స్ప్రే చేస్తూ, ఆవిరికి ఊపిరాడక పడిపోయాడు. ఆవిరిని బయటికి లాగే ఫ్యాను పనిచేయలేదు, దానికి కరెంటు అందించే అడాప్టరు లేదు గనుక. ఆ అడాప్టరు పోలీసులకు రిమోట్ కార్ల రేసు మైదానంలో, తమ్ముడి పనిముట్ల పెట్టెలో దొరికింది. పైగా ఆ ఉదయమే అన్నదమ్ములిద్దరూ వీధి వినేలా పోట్లాడుకున్నారు. ఇన్‌స్పెక్టరు లెక్కకు ఇంతకంటే ఏం కావాలి?

తమ్ముణ్ణి విడిపించమని డిటెక్టివ్‌ను పెట్టుకున్నది పోయినాయన భార్య. నిన్న భర్త పోయాడు, ఇవాళ పొద్దున్నే మరిది కోసం గడప దాటింది. స్టేషన్లో కానిస్టేబుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి అది చాలు.

డిటెక్టివ్‌ను ఆ స్టేషన్లో భూతద్దం అంటారు. ఆమె దగ్గర భూతద్దం లేదు. ఉన్నది చత్వారం కళ్ళజోడు, అందులోనూ ఒక పుల్ల విరిగింది. ఈ వృత్తిలోకి రాకముందు పదిహేడేళ్ళు కాలేజీ కెమిస్ట్రీ లేబ్ చూసుకుంది. కడిగిన సీసాకీ కడిగామనిపించిన సీసాకీ తేడా గుమ్మంలోంచే చెప్పగలదు.

*

దంతవైద్యుడి ఇల్లు రెండో అంతస్తు. కింది వాటాలో ఒక టైలరమ్మ. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. అవి లేకపోతే మాట తడబడుతుందేమో అన్నట్టు.

"మూడూ పన్నెండుకి పైన ధబ్‌మందండీ."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"నీళ్ళ మోటారు ఆపింది అప్పుడే. ట్యాంకు పొర్లితే ఇంటాయన నామీద పొర్లుతాడు. అందుకని గడియారం చూస్తూ కూర్చుంటాను. మోటారు గోల ఆగిందా, పైన ధబ్‌మందా. ఆ తరవాత ఆ గురగుర."

"ఏ గురగుర?"

"అదేనండీ, డాక్టరుగారు రంగులేసే యంత్రం. కంప్రెసరో ఏదో. కాసేపు గుర్రుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ గుర్రుమంటుంది. నా గుండెల మీదే పెట్టినట్టు ఉంటుంది."

డిటెక్టివ్ రాసుకోవడం ఆపింది. "ధబ్‌మన్నది ముందా, గురగుర ముందా?"

"గురగుర ముందూ ఉంది, వెనకా ఉంది. చప్పుడయ్యాక ఏడెనిమిది నిమిషాలు వచ్చింది. ఒక జేబు కుట్టేశాను ఈలోపు."

"ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. 'మోటారు చప్పుడై ఉంటుందిలే' అన్నాడు. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కినదాన్ని, నాకు మోటార్ల గురించి పాఠం."

"డాక్టరుగారు మంచి పనిమంతుడటగా?"

టైలరమ్మ నోట్లోంచి ఒక సూది తీసింది. "బొమ్మల సంగతి నాకు తెలీదండీ. పళ్ళ సంగతి తెలుసు. నొప్పి కుడిపక్క అంటే ఎడమపక్కది కదిలించాడు. తీరా పీకినప్పుడు పక్క పన్ను కూడా తోడొచ్చింది. మొరటు చెయ్యి. పోయినాయన్ని అనకూడదు గానీ, అంత చెయ్యి పెట్టుకుని అంత నాజూకు బొమ్మలు ఎలా చేశాడో!"

*

పని గది పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒక గోడ నిండా అద్దాల అలమర. అందులో నలభై ఆరు నమూనాలు: అరచేతిలో పట్టే లారీ, దాని తలుపు అంచున తుప్పు, బొటనవేలంత స్కూటరు, సీటు మీద చిరుగు, ఒక షెడ్డు, నేలమీద నూనె మరక, ఆ మరకలో ఎవరో కాలు పెట్టి జారిన గుర్తు. ప్రతిదాని కిందా ఇత్తడి రేకు, రేకు మీద డాక్టరుగారి పేరు, డిగ్రీలతో సహా.

భార్య గుమ్మంలో నిలబడింది. నలభై ఆరేళ్ళ మనిషి. సన్నగా, ముడి వేసుకున్న జుట్టుతో, ఎవరో ఎప్పుడో కూర్చోమంటే కూర్చుందామని చూస్తున్నట్టు ఉంటుంది.

"పోలీసులు ఏమైనా కదిపారా?" అంది డిటెక్టివ్.

"ఆయన్ని తప్ప ఏమీ కదపలేదండి."

బల్ల మీద తిరిగే పీట. దానిమీద రిమోట్ రేసు కారుకి తొడిగే కొత్త బాడీ, అద్దంలాంటి ప్లాస్టిక్కుది, సగం రంగుతో. ఈ బాడీలకు రంగు లోపలివైపు నుంచి వేస్తారు. పైన వేస్తే మొదటి పల్టీకే లేచిపోతుంది. కాబట్టి అంతా తలకిందుల పని. అందరికీ ముందుగా కనబడవలసింది మొదట వేయాలి, దాని వెనకది తరువాత. ఒకసారి వేసిన గీతను పైనుంచి ఎంత గోకినా పోదు.

ఎవరో గోకారు. వెనక రెక్క దగ్గర, బయటివైపు, కత్తితో పది పన్నెండు గీట్లు. డిటెక్టివ్ కళ్ళజోడు సర్దుకుని వంగింది. గీట్ల కింద, లోపలివైపు, ఆవగింజలంత అక్షరాలు. ఒక ఆడమనిషి పేరు.

ఏమీ అనకుండా పక్కకు చూసింది. నీలం రంగు సీసా మూత తీసే ఉంది, రంగు గడ్డకట్టింది. బాడీ మీద నీలం పూత సగంలో ఆగిపోయింది. పక్కనే స్టాండు మీద ఎయిర్‌బ్రష్, పెన్నులా పట్టుకుని రంగు చిమ్మేది, తళతళ మెరుస్తోంది. సూది బయటికి లాగి చూసింది. శుభ్రం. ముక్కు విప్పింది. శుభ్రం. చెత్తడబ్బాలో నీలం అంటిన దూది పుల్లలు తొమ్మిది.

"దీన్ని కడక్కుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"పది నిమిషాల్లో రంగు లోపల బిగుసుకుపోతుంది. ఇక పనికిరాదు," అంది భార్య. ఆ వెంటనే, "అంటారు," అని చేర్చింది.

"కడగడానికి ఎంతసేపు?"

"ఏడెనిమిది నిమిషాలు. థిన్నరు పోసి గాలి వదలాలి, సూది తియ్యాలి, మళ్ళీ గాలి వదలాలి..." ఆగిపోయింది.

గోడకు రెండు మాస్కులు వేలాడుతున్నాయి. పెద్దదాని లోపలి దూది పాలలా తెల్లగా ఉంది. ఎవరూ ఊపిరి పీల్చిన జాడ లేదు. చిన్నది వాడివాడి మెత్తబడింది. దాని పట్టీలు చివరిదాకా బిగించి ఉన్నాయి. పైపట్టీ బకిల్లో ఒక పొడుగాటి వెంట్రుక ఇరుక్కుంది.

అలమర పక్కన ఫ్రేములో, బహుమతి పుచ్చుకుంటున్న డాక్టరుగారు నవ్వుతున్నారు. బట్టతల దీపంలా మెరుస్తోంది.

డిటెక్టివ్ ఫోటోవైపు చూసింది. మాస్కువైపు చూసింది. తరువాత గుమ్మంవైపు.

"మీ మరిదిని విడిపించమని కదా నన్ను పిలిచారు."

"అవునండి."

"విడిపించగలను. కానీ అతని చోట ఎవరో ఒకర్ని కూర్చోబెట్టకుండా ఇన్‌స్పెక్టరు లేవడు. ఆ సంగతి ముందే ఆలోచించుకున్నారా?"

ఆమె పెదవులు కదిలాయి. ఈలోపు మెట్ల మీద బూట్లు వినబడ్డాయి.

*

ఇన్‌స్పెక్టరుకు అన్ని కేసులూ ఐదు గంటలకే పూర్తవుతాయి. ఐదున్నరకు ఇంట్లో ఉంటాడు. దేవుడు ఆయనకిచ్చిన వరం అది. నిందితులకిచ్చిన శాపం కూడా.

"ఓహో, భూతద్దం మేడమ్! ఇంకా ఇక్కడే ఉన్నారా? గది సీలు వెయ్యాలి. తప్పుకుంటే..."

"మూడూ పన్నెండుకి మనిషి పడ్డాడు. అంబులెన్సుకి ఫోను మూడూ ముప్ఫై ఒకటికి. మధ్యలో పంతొమ్మిది నిమిషాలు. వాటినేం చేశారండీ, ఫైల్లో పెట్టారా, జేబులో పెట్టారా?"

"ఆవిడ వంటింట్లో ఉంది. వినబడలేదు. వచ్చి చూసేసరికి ఆలస్యమైంది. దీంట్లో బ్రహ్మరహస్యం ఏముంది?"

"కింది వాటాలో వినబడింది పక్క గదిలో వినబడలేదా?"

"కుక్కరు మోగుతోందేమో!"

"మూడింటికా? సరే, కుక్కరే అనుకుందాం. మనిషి పడ్డాక కంప్రెసరు ఏడెనిమిది నిమిషాలు నడిచింది. కుక్కరు నడిపిందా?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టబోయి, రంగు చూసి, మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. "ఆ టైలరమ్మ మాటేనా? ఆవిడకి రేడియోకి, రోలుకి తేడా తెలీదు."

"ఆవిడకి తెలీకపోతే దీనికి తెలుసు." డిటెక్టివ్ ఎయిర్‌బ్రష్ అతని ముక్కు కిందికి తెచ్చింది. "పూత సగంలో ఆగింది. సీసా మూత తీసే ఉంది. ఇది మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషి లేచి, తొమ్మిది దూది పుల్లలు పెట్టి, సూది తుడిచి, ముక్కు బిగించి, స్టాండుకి తగిలించి, మళ్ళీ వెళ్ళి పడుకుని చచ్చిపోయాడా?"

అతను దాన్ని కాసేపు చూశాడు. బుర్ర లేనివాడు కాదు, బద్ధకస్థుడు. రెంటికీ తేడా ఉంది, కానీ లాకప్‌లో ఉన్నవాడికి ఆ తేడా తెలీదు.

"అయితే ఇంకోడెవడో గదిలో ఉన్నాడంటారు."

"ఉన్నారంటాను. ఆ టైములో తమ్ముడు రేసులో ఉన్నాడు. ప్రతి రౌండుకీ కారు ఎన్ని సెకన్లలో తిరిగిందో అక్కడి కంప్యూటరు రాసుకుంది. రెండూ యాభై నుంచి మూడూ ఇరవై ఐదు దాకా రిమోటు అతని చేతిలోనే ఉంది. నలభైమంది చూశారు."

"ఫ్యానుది పొద్దున్నే పీకాడుగా! అది చాలు." ఇన్‌స్పెక్టరు రేసు బాడీ చేతిలోకి తీసుకున్నాడు. వెనక రెక్క దగ్గర చూపు ఆగింది. పెదవులు ఒక పక్కకు సాగాయి. "ఇదిగో, ఇది చూశారా మీరు? ఎవరి కారు? తమ్ముడిది. ఎవరి పేరు? వదినది. అన్న కత్తితో గోకాడు. ఎందుకు గోకాడో నేను విడమరచి చెప్పాలా? పొద్దున్నే భర్త శవం ఆస్పత్రిలో ఉండగా మరిది కోసం..."

"ఇన్‌స్పెక్టరుగారూ!"

"నేనన్నది కాదు మేడమ్, ఊరంతా అనబోయేది. మేజిస్ట్రేటు ముందు నేనూ అంటాను." టైము చూసుకున్నాడు. "నాలుగూ ఐదు. వెళ్ళాలి."

"ఆగండి," అంది భార్య.

అప్పటిదాకా గుమ్మం అవతలే ఉన్న కాలు లోపల పెట్టింది. "ఆ పేరు మా మరిది రాయలేదు. నేను రాసుకున్నాను. ఆ రంగు నేను వేస్తున్నాను. ఆయన పొద్దున వెయ్యనని పోట్లాడారు. అతను చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటే, నేను వేస్తాన్లే అన్నాను. అతని కారు ఛార్జరు అడాప్టరు కాలిపోయిందంటే ఫ్యానుది నేనే తీసి ఇచ్చాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఈ గదిలో పని చేసేది నేను."

"మీరు ఊడుస్తారు, తుడుస్తారు. అది నాకూ తెలుసమ్మా."

"ఇవన్నీ నేను చేసినవండి." అలమర వైపు చెయ్యి చూపలేదు, తల మాత్రం కొద్దిగా తిప్పింది. "నలభై ఆరూ. ఇరవై రెండేళ్ళు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. అందులో కుళ్ళు లేదు. నమ్మలేక వచ్చిన నవ్వు, కడుపులోంచి వచ్చింది. అందుకే అది వినడానికి మరీ అన్యాయంగా ఉంది.

"మరిదిని కాపాడుకోవాలని మీకుంది. అర్థమైంది. దానికోసం ఏదైనా చెప్తారు. కానీ ఇది మాత్రం... డాక్టరుగారి పేరు పేపర్లలో వచ్చిందమ్మా! మా అబ్బాయి స్కూల్లో వచ్చి ఉపన్యాసం కూడా ఇచ్చారు."

"ఉపన్యాసం ఆయనే ఇచ్చారండి. అది నేను రాయలేదు."

డిటెక్టివ్‌కు నవ్వొచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది. "మరి నిన్న ఏమైంది?" అంది నెమ్మదిగా. "చెప్పేముందు ఒక్క మాట. నేను మీ మనిషిని. నోరు మూసుకోమంటే ఈ క్షణమే మూసుకుంటాను."

"నిజం చెప్పకుండా అతన్ని బయటికి తేగలరేమోనని మీ దగ్గరికొచ్చాను. కుదిరేట్టు లేదు." ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "ఆదివారం ఆయన నాలుగు దాకా పడుకుంటారు. నిన్న మూడు దాటగానే లేచొచ్చారు. తడి రంగు మీద దుమ్ము పడుతుందని కిటికీ వేసుకున్నాను. నాకు మాస్కుంది. ఆయన పెట్టుకోలేదు. బాడీ చేతిలోకి తీసుకుని నా పేరు చూశారు. 'ఎవర్నడిగి రాశావు' అన్నారు. కత్తి తీసుకుని గోకడం మొదలెట్టారు. లోపలున్నది పైనుంచి పోదు. అది కూడా ఆయనకి తెలీదు. రొప్పుతూ గోకుతూనే ఉన్నారు. తరవాత పడిపోయారు."

"ఇన్‌హేలరు?"

"పక్క గదిలో. మంచం పక్కన సొరుగులో. ఇక్కణ్ణుంచి పన్నెండడుగులు." ఆగింది. "సొరుగు వైపు చెయ్యి చూపించారు."

"మీరు?"

"నా చేతిలో బ్రష్షుంది. అందులో రంగుంది. ముందు దాన్ని కడిగాను."



"కడగడానికి ఎనిమిది నిమిషాలు," అంది డిటెక్టివ్. "మిగతా పదకొండు?"

"కూర్చున్నాను."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఎప్పుడో పోయింది, కానీ మొండితనం పోలేదు. "ఇలాంటివి వంద విన్నాను. కొడుకు కోసం తల్లి, అన్న కోసం చెల్లెలు. ఆ బ్రష్షు మీరు నిజంగా పట్టుకున్నారని నమ్మకమేమిటి? అదే తేలకపోతే మిగతాదంతా కట్టుకథ. నా ఫైల్లో తమ్ముడే ఉంటాడు."

"మీ తాళంచెవి ఇవ్వండి," అందామె.

"ఏమిటి?"

"మీ జీపుది. ఒకసారి ఇవ్వండి."

ఏమనుకున్నాడో, ఇచ్చాడు. కొత్త చెవి, అద్దంలా ఉంది. ఆమె వెళ్ళి ముందు కిటికీ తెరిచింది. "ఫ్యాను లేదు కదా, మీరు ఇటు వచ్చి నిలబడండి," అంది. చిన్న మాస్కు తీసుకుని ముడి మీదుగా తగిలించుకుంది. పట్టీ సర్దవలసిన అవసరం రాలేదు. మూడు సీసాలు చూడకుండానే చేతికొచ్చాయి. కంప్రెసరు గుర్రుమంది. కింద కుట్టుమిషను టక్కున ఆగింది.

ముందు తాళంచెవి మీద గోధుమరంగు, మంచు పడ్డట్టు. దానిమీద నారింజ, స్పాంజి ముక్కతో అద్ది. పళ్ళ సందుల్లో నలుపు, చూపుకందనంత సన్నంగా. ఎక్కడ వేలు తగిలి అరుగుతుందో అక్కడ ఇనుము బయటపడేట్టు చిన్న గీటు. ఆ కాసేపూ ఆమె వీపు నిటారుగా ఉంది. ఇందాకటి మనిషి కాదు. పని చేస్తున్నప్పుడు ఆమె ఎవరి అనుమతి కోసమూ చూడలేదు.

ఐదు నిమిషాలు. చెవిని ఒక గుడ్డ మీద పెట్టి అతని ముందు ఉంచింది.

ముప్ఫై ఏళ్ళు మట్టిలో ఉండి బయటపడ్డ చెవి. ఇన్‌స్పెక్టరు బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు. కిటికీ వెలుతుర్లోకి తీసుకెళ్ళాడు. అలమర దగ్గరికి వెళ్ళి, లారీ తలుపు అంచు పక్కన పెట్టి చూశాడు. రెంటిదీ ఒకటే తుప్పు.

"అబ్బ," అన్నాడు, ఎవరితోనూ కాదు.

తరువాత ఫోను తీశాడు. "లోపలున్నవాణ్ణి మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళొద్దు. ఆపండి... ఆఁ, నేనే చెప్తున్నాను. ఒక లేడీ కానిస్టేబుల్ని ఇక్కడికి పంపండి." టైము నాలుగూ ఇరవై ఎనిమిది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక ఫైలు ఐదు దాటబోతోంది.

కాగితాలు తీసి, బల్ల అంచున రంగులేని చోటు వెతికి, కూర్చున్నాడు. పెన్ను తెరిచాడు గానీ రాయలేదు.

"ఒక్కటి అడుగుతానమ్మా. ఇది రాయడానికి కాదు." గొంతు సవరించుకున్నాడు. "మీరు ఆ బ్రష్షు కడుగుతున్నంతసేపూ... ఆయనకి తెలివుందా?"

ఆమె మాస్కు విప్పి మేకుకు తగిలించింది.

"ఉందండి. చూస్తూనే ఉన్నారు. ఇరవై రెండేళ్ళలో నేను పని చేస్తుంటే ఆయన మధ్యలో లేచి వెళ్ళిపోకుండా చివరిదాకా చూసింది అదొక్కసారే."